నలభై ఒకటో గీత

గొర్రెల మంద అడ్డమొచ్చి బస్సు ఆగితే నాకు కోపం రాదు. ఎర్రగుంట్ల దాటాక నాపరాళ్ల గుట్టల మధ్య రోడ్డు మీద మందలు అడ్డం పడడం మామూలే. డ్రైవరు హారన్ కొడుతుంటాడు, కండక్టరు దిగి అరుస్తుంటాడు, పక్కవాళ్లు గడియారాలు చూసుకుంటుంటారు. నేను మాత్రం కిటికీలోంచి తల బయటపెట్టి ఏ గొర్రె పక్కన ఏ గొర్రె నడుస్తోందో చూస్తుంటాను. చూస్తుండగా దుమ్మూ ఎండా బస్సులోని చెమట వాసనా అన్నీ కాస్త దూరం జరుగుతాయి. మంద దాటిపోయేసరికి నేను ఎక్కడికి బయల్దేరానో కూడా ఒక క్షణం గుర్తుకు రాదు.

ఈ పిచ్చి నాకు అంటించినవాడు పోయిన నెల పులివెందుల దగ్గర తన ఊళ్లో కన్నుమూశాడు. కొడుకు కార్డు రాశాడు. నాలుగే వాక్యాలు. అందులో ఒకటి, 'ఏమన్నా అయితే ముందు మీకే చెప్పమని మా నాయన చెప్పిపెట్టినాడు' అని. చుట్టాలు, అన్నదమ్ములు అంతమంది ఉండగా ముందు నాకెందుకో ఆ కార్డు చదివేటప్పటికి నాకు తెలియదు.

అతని పేరు ఇక్కడ రాయను. ఎంతోమంది పేర్లు డబ్బాలో దాచి, ఒక్కటీ బయటపడకుండా చూసుకున్నవాడు. అతని పేరు నేను బయటపెడితే బాగుండదు.

మొదటిసారి చూసింది ప్రొద్దుటూరులో, బి.ఏ. రెండో ఏడు మొదలైన రోజు. కర్నూలు నుంచి రాజధాని హైదరాబాదుకు మారి నాలుగైదేళ్లయిన కాలం. కాలేజీ వరండాలో స్తంభం పక్కన ఒంటికాలి మీద నిలబడి ఉన్నాడు. రెండో పాదం మోకాలికి ఆనించి, గొడుగు నేలకు పోటుపెట్టి, దాని పిడి మీద గడ్డం మోపి. భుజాన మడిచిన నల్ల కంబళి. వర్షమూ లేదు, చలీ లేదు. అందరూ అతన్ని చూసి నవ్వుతున్నారు. నవ్వించే హక్కు నాదని నా నమ్మకం. ముందుకెళ్లి, "మంద యాడప్పా?" అని అడిగాను.

అతను వరండాలో ఉన్న మమ్మల్నందర్నీ ఈ చివర నుంచి ఆ చివర దాకా నిదానంగా చూసి, "ఈడనే ఉండాది గదా సామీ" అన్నాడు.

ఈసారి నవ్వు నా మీదికి తిరిగింది. మా నాయన జమ్మలమడుగులో బడిపంతులు, సెలవుల్లో పౌరోహిత్యం. పల్చటి చొక్కాలోంచి నా జంధ్యం కనబడుతుంటే అతను సామీ అన్నాడు. ఆ పిలుపు చివరిదాకా మార్చలేదు. మార్చమని నేనూ అడగలేదు, నాకది బాగానే ఉండేది.

అతనిది గొర్రెలు మేపే కుటుంబం. కాలేజీ గడప తొక్కినవాడు వాళ్లింట్లో అతనే మొదలు. మనుషుల్ని ఎదురుగా చూసేవాడు కాదు, పక్క నుంచి చూసేవాడు. జేబులో వేయించిన చింతగింజలు. మాట్లాడే ముందు ఒకటి నోట్లో వేసుకునేవాడు. అది నాని మెత్తబడేదాకా జవాబు వచ్చేది కాదు. ఏం చేస్తున్నావని అడిగితే ఎప్పుడూ ఒకటే మాట. "సూస్తాండా సామీ. ఊరికే సూస్తాండా."

సాయంకాలాలు పెన్న ఇసుకలోకి నడిచేవాళ్లం. ఏడాదిలో పది నెలలు పెన్నలో ఇసుకే. అతను మోకాళ్ల మీద కూర్చుని రెండు చేతులతో చెలిమ తవ్వేవాడు. మూరెడు లోతులో నీళ్లు ఊరేవి, మొదట బురదగా. నేను దోసిలి పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "రవ్వంత ఓర్చుకో. కలబెట్టకుండా కూచుంటే అదే తేరుకుంటాది." పొద్దు అవతలి గట్టు మీదికి వాలేది. ఇసుక మొదట పసుపుగా, తర్వాత గులాబీగా, ఆ తర్వాత ఏ రంగూ కాకుండా అయ్యేది. ఎర్రగుంట్ల వైపు నుంచి రైలు కూత వినిపించిందని నేననేవాణ్ణి, అంత దూరం వినపడదని అతననేవాడు. ఈలోగా నీళ్లు తేటబడేవి. ఆ ఏడాదంతా నాకు ఒకే పొడుగాటి సాయంకాలంగా గుర్తుంది.

అలాంటి ఒక సాయంకాలమే మందను ఎలా ఎంచుతారని అడిగాను.

"మా నాయన ఎంచడు సామీ. సందేళ దొడ్డికి తోలేటప్పుడు జోళ్లు సూస్తాడు. ప్రతి గొర్రెకూ ఒక జోడు ఉంటాది. దాని పక్కనే మేస్తాది, దాని పక్కనే పండుకుంటాది. ఒకటి రాకపోతే దాని జోడు అరుస్తాది. అప్పుడు తెలుస్తాది ఏది తప్పిపోయిందో."

"జోడు లేని గొర్రె తప్పిపోతే?"

చింతగింజ నానేదాకా ఆగాడు. "దానికోసరం ఏదీ అరవదు. అందుకే మా నాయన దాని పక్కనే నడుస్తాడు."

ఆ ఏడాది మాకు కొత్త లెక్చరరు వచ్చారు. గుంటూరు వైపు మనిషి, మద్రాసులో చదివొచ్చినవారు. సంఘం గురించి చదవాలంటే పుస్తకం కంటే ముందు మీ క్లాసును చదవండి అనేవారు. ఎవరు ఎవరితో కూర్చుంటారు, ఎవరు ఎవరికి నోట్సు ఇస్తారు, ఎందుకు అని. బి.ఏ. పిల్లలతో ఇలాంటి పరిశోధనేమిటని తక్కిన లెక్చరర్లు నవ్వారట. ఆయన పట్టించుకోలేదు. ఈ పని ఎవరు చేస్తారని అడిగితే అందరం బల్లల కిందికి చూశాం. వెనక నుంచి అతను లేచి, "నేను సూస్తానే ఉండా సార్" అన్నాడు.

నిజంగానే చూస్తూ ఉన్నాడు. తీసి చూపించిన నోటుపుస్తకంలో రెండు నెలల సంగతులున్నాయి. పులివెందుల వైపు వాళ్లు వెనక రెండు వరసలు, జమ్మలమడుగు బస్సులో వచ్చేవాళ్లు కిటికీ పక్క, సైకిళ్లున్న టౌను వాళ్లు ముందు. నలుగురు ఆడపిల్లలు లెక్చరరు వెనక వస్తారు, లెక్చరరు వెనకే పోతారు. అయినా వాళ్లలో ఇద్దరికి తక్కిన ఇద్దరితో మాటల్లేవు. ఇది మాకెవరికీ తెలియదు. ఆ నలుగురినీ మేం చూసినన్ని సార్లు అతను చూసి ఉండడు కూడా.

ఒక్క సంగతి మాత్రం పుస్తకంలో రాయలేదు, నాకు చెప్పాడు. రాజుపాలెం పక్క ఒకే ఊరి నుంచి ఇద్దరొచ్చేవాళ్లు. వాళ్ల పెద్దలకు పడదు. ఇక్కడ ఇద్దరూ ఒకే టిఫిను గిన్నెలో ఉగ్గాని తినేవాళ్లు. శనివారం ఊరి బస్సెక్కేటప్పుడు ఒకడు ముందు, ఒకడు వెనక, మొహాలు చూసుకోకుండా కూర్చునేవాళ్లు. "ఇది రాస్తే శానా బాగుంటాది సామీ. సార్ మెచ్చుకుంటాడు. కానీ కాయితం ఊరి దాకా పోతే?" అని ఆ పేజీ ఖాళీగా వదిలేశాడు.

ఆ తర్వాత చీటీల రోజు వచ్చింది. లెక్చరరుగారు బోర్డు మీద ఒకే ప్రశ్న రాశారు. 'రేపు మీకొక కష్టం వస్తే ఈ క్లాసులో ముందు ఎవరికి చెప్పుకుంటారు?' ఒక్కరి పేరే రాయాలి, వెనక రాసినవాళ్ల నంబరు వెయ్యాలి. చీటీలు అతను తప్ప ఎవ్వరూ, లెక్చరరు సైతం, చూడరు. "సర్వే చేసేవాడు మాత్రం చీటీ వెయ్యకూడదు. వాడు గట్టున నిలబడాలి, నీళ్లలోకి దిగకూడదు" అన్నారాయన. అతను తన గొడుగు తెరిచి తిరగేసి పట్టుకుని వరసల మధ్య నడిచాడు. నలభై ఒక్కమందిమి, అతను పోగా నలభై చీటీలు. ఆడపిల్లలు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ వేశారు. నేనూ ఒక పేరు రాసి మడిచి గొడుగులో పడేశాను. ఆలోచించడానికి రెండు నిమిషాలైనా పట్టలేదు.

వేశాక భయం పట్టుకుంది. నేను మాటకారిని. నా మాటలకు క్లాసంతా నవ్వేది. కానీ నవ్వేటప్పుడు నలభై మంది, హోటల్లో ఎర్రకారం దోశ తినడానికి పోయేటప్పుడు నేనొక్కణ్ణే. సినిమాకు పోయొచ్చాక నాకు కథ చెప్పేవాళ్లే గాని రమ్మని పిలిచినవాడు లేడు. ఆ సంగతి నాకు తెలుసు, తెలియనట్టు ఉండేవాణ్ణి. అద్దె గదిలో ఒంటరితనం తట్టుకోలేక చదువు మానేసి ఇంటికి పోదామని దసరా నుంచే అనుకుంటున్నాను. ఆ సాయంకాలం పెన్నలో నవ్వుతూనే అన్నాను. "ఒక్కడూ నా పేరు రాయకుంటే రేపే ట్రంకు సర్దుకుని జమ్మలమడుగు బస్సెక్కుతా. మా నాయన బళ్లో పిల్లకాయలకు అక్షరాలు దిద్దించుకుంటా."

అతను నవ్వలేదు. మరునాడు నేనే అడిగాను. "నాకెన్ని వచ్చినాయి?"

చింతగింజ తీసి నోట్లో వేసుకున్నాడు. అది నానడానికి ఆ రోజు పట్టినంత సేపు ఎప్పుడూ పట్టలేదు.

"ఒకటి."

"ఎవరు?"

"చెప్పకూడదు సామీ. మాటిచ్చినా." గొడుగు అందుకుంటూ, "ఒకటుండాది. ఇంగ నువ్వు యాడికీ పోవద్దు" అన్నాడు.

నేను ఎక్కడికీ పోలేదు. పైగా ఆ ఒకటి ఎవరో నాకు నేనే తేల్చేసుకున్నాను. మూడో వరసలో కూర్చునే కాంపౌండరుగారి అమ్మాయి. ఆధారం ఏమీ లేదు. చీటీ వేసేటప్పుడు ఆమె ఒక్కతే నవ్వలేదు, అంతే. అంత చిన్న దారప్పోగు పట్టుకుని నేను బి.ఏ. పూర్తి చేశాను. తల దువ్వుకుని క్లాసుకు పోయేవాణ్ణి, చదివేవాణ్ణి, గదిలో ఒక్కణ్ణే ఉన్నా ఒక్కణ్ణే అనిపించేది కాదు. ఎక్కడో ఒకరు, కష్టమొస్తే ముందు నాకే చెప్పుకుందామని అనుకుంటున్నారు కదా! చాలా ఏళ్ల తర్వాత మైదుకూరు బస్టాండులో ఆమె ఇద్దరు పిల్లలతో కనబడితే పలకరించాను. "మీరెవరండీ?" అంది. భర్త పక్కనున్నాడు కాబట్టి అలా అందని సర్దిచెప్పుకున్నాను. ఆశకు అంతు లేదు మరి!

పటం గీయడానికి అతనికి వారం పట్టింది. పెద్ద తెల్లకాగితం మీద నలభై ఒక్క సున్నాలు, పేర్లకు బదులు అతనికి మాత్రమే తెలిసిన గుర్తులు. ఎన్ని చీటీలొస్తే సున్నా కింద అన్ని గీతలు. ఒక సున్నా కింద పదకొండు, కొన్నింటి కింద ఏమీ లేవు. ఆ పటం చుట్టి పట్టుకుని అతనితో పాటు లెక్చరరుగారి గదికి పోయింది నేనే.

ఆయన చాలాసేపు చూశారు. మొహం వెలిగింది. "ఇది మా గురువుగారికి మద్రాసు పంపిస్తానయ్యా. నిన్ను ఎమ్మేలో చేర్చుకోమని రాస్తాను, స్కాలర్‌షిప్పు ఇస్తారు" అన్నారు. అతని కళ్లలో నీళ్లు తిరగడం చూశాను. గొర్రెలు మేపే ఇంటి నుంచి మద్రాసు! తర్వాత ఆయన పెన్సిలుతో గీతలు కూడుతూ వచ్చి ఆగారు. మళ్లీ కూడారు.

"నలభై చీటీలకి నలభై ఒక్క గీతలేమిటి?"

అతని చెయ్యి చింతగింజల జేబులోకి పోయింది.

"ఎక్కడో దొంగ గీత పడింది. చూసుకుని చెరిపేసి పట్రా."

"దొంగ గీత లేదు సార్ దాంట్లో."

"అయితే నలభై ఒకటో చీటీ చూపించు."

"చీటీ లేదు సార్."

ఆయన కోప్పడలేదు, బతిమాలినంత పని చేశారు. లెక్క తప్పిన పటాన్ని నేను గురువుగారికి ఎలా పంపనయ్యా, ఒక్క గీతే కదా అన్నారు. అతను బల్ల అంచు పట్టుకుని పక్కకు చూస్తూ నిలబడ్డాడు.

బయటికొచ్చాక నేనే అందుకున్నాను. ఇది చెప్పడానికి ఇప్పటికీ సిగ్గుగా ఉంది. "నీకేమన్నా పిచ్చా అప్పా? ఎవని గీతో ఏమో, చెరిపెయ్! ఒక్క గీత చెరిపితే ఏం పోతాది?" అన్నాను.

నా వైపు తిరిగి, జన్మలో మొదటిసారి ఎదురుగా చూశాడు. "పోతాది సామీ" అన్నాడు.

పటం మద్రాసు పోలేదు. బి.ఏ. కాగానే అతను ఊరెళ్లి గొర్రెల్లో పడ్డాడు. నేను బడిపంతులునయ్యాను, జమ్మలమడుగులోనే. మొండివాడు, చేతికందిన చదువు చెయ్యిజార్చుకున్నాడని పదిమందికీ చెప్పాను. పాఠం చెప్పేటప్పుడు పిల్లలకు కూడా చెప్పాను, మొండితనం పనికిరాదనడానికి దృష్టాంతంగా.

తర్వాత ఒకేసారి వచ్చాడు మా ఇంటికి. ఎండాకాలం, మధ్యాహ్నం. పులివెందుల నుంచి ముద్దనూరు, అక్కణ్ణుంచి మరో బస్సు. కంబళి లేదు, గొడుగుంది. వసారాలో కూర్చుని మజ్జిగ తాగి, గ్లాసు పక్కన పెట్టి చెప్పాడు. "గొర్లకు రోగమొచ్చినాది సామీ. మంద సగం పోయింది. మా నాయన మాట్లాడేది మానుకున్యాడు."

"పశువుల డాక్టరు నాకెవరూ తెలీదే. నేనేం చెయ్యగలనప్పా?" అన్నాను.

"నువ్వేం చెయ్యొద్దు. చెప్పిపోదామని వచ్చినా." ఇంకో అరగంట కూర్చున్నాడు. గోడ మీద ఎండ కిందికి దిగడం ఇద్దరం చూశాం. నేను మాట్లాడబోతే చెయ్యెత్తి ఆపాడు, చెలిమ దగ్గర ఆపినట్టే. లేచేటప్పుడు అతని మొహం వచ్చినప్పటి కంటే తేటగా ఉంది. ఈ ముక్క చెప్పడానికి రెండు బస్సులు మారి రావాలా అని అతను పోయాక మా ఆవిడతో అన్నాను.

కార్డు అందాక వాళ్ల ఊరికి పోయాను. అతని భార్య చాప పరిచి, లోపల్నుంచి ఒక పాత బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టింది. "ఇది ఎవురినీ ముట్టనిచ్చేటోడు కాదు సామీ. నేను పొయ్యినాంక సామికియ్యండి, చూసి కాల్చేస్తాడు అన్యాడు. ఏం కాయితాలు ఇవి?"

"కాలేజీ కాయితాలమ్మా" అన్నాను.

లోపల చీటీలు. మడతలు పసుపుపచ్చగా మారాయి, సిరా గోధుమరంగుకు దిగింది. చాప మీద పరిచాను. బయట దొడ్లో గొర్రె పిల్లలు అరుస్తున్నాయి, ఆ అరుపుల్లో నేను మళ్లీ ఇరవై ఏళ్లవాణ్ణయి గొడుగు వైపు చూస్తున్నాను. అన్నిటికంటే ముందు వెతికింది, దాచుకోవడమెందుకు, కాంపౌండరుగారి అమ్మాయి చీటీ. ఆమె నంబరు నాకింకా గుర్తే. పక్కన కూర్చునే పిల్ల పేరు రాసింది. సరేలెమ్మని తక్కినవి చూశాను. నలభై ఉన్నాయి. రెండుసార్లు చూశాను. నా పేరు ఒక్కదాంట్లోనూ లేదు.

బయటి అరుపులు ఎప్పుడు ఆగాయో తెలియదు. కదలకుండా కూర్చున్నాను. కూర్చోగా కూర్చోగా అన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. చీటీ లేని గీత. పోతాది సామీ అన్న మాట. రెండు బస్సులు మారి వచ్చి తాగిన మజ్జిగ. ముందు మీకే చెప్పమన్నాడన్న కార్డు. దొంగ గీత లేదన్నాడు, అది నిజమే. కష్టమొచ్చినప్పుడు అతను ముందు నాకే చెప్పుకున్నాడు. నేను ఊరికి పోకుండా ఉండడానికి అతను గట్టు దిగి నీళ్లలోకి వచ్చాడు, మద్రాసు పోగొట్టుకున్నాడు. నేను దాన్ని మొండితనం అన్నాను.

తర్వాత అతని పేరు కోసం వెతికాను. నలభైలో అదీ లేదు. ఆ గొడుగులోని చీటీలన్నీ మొదట విప్పి చదివింది అతనే. నాకు ఒక్కటీ రాలేదని తెలిసిన రోజునే తనకూ ఒక్కటీ రాలేదని అతనికి తెలిసింది.

ఆఖరున నా చీటీ దొరికింది. వెనక నా నంబరు, లోపల గుండ్రటి నా అక్షరాలు. జవుళి కొట్టు వాళ్లబ్బాయి పేరు. కొత్త సైకిలుండేది వాడికి, ఒక్కనాడైనా నన్ను ఎక్కించుకోలేదు.

"కాల్చేస్తారా సామీ, అగ్గిపెట్టె తెచ్చేదా?" అని ఆమె అడిగింది. తెమ్మన్నాను. ముప్పై తొమ్మిది కాల్చాను. నాది మాత్రం జేబులో పెట్టుకుని బస్సెక్కాను. ఆ పటంలో నా సున్నా కింద అతనొక గీత గీశాడు. తన సున్నా కింద తాను గీసుకోలేదు. అక్కడ ఒక గీత పడాలంటే నేను రాయాల్సింది. రోజూ పక్కనే నడిచి, సైకిలున్నవాడి పేరు రాశాను.